పై అధికారి నోరు: బారామహల్ కచేరీ నుంచి బర్గూరు బట్టల కొట్టు దాకా

బెంగళూరు నుంచి చెన్నైకి పోయే పెద్ద రోడ్డు మీద కృష్ణగిరి దాటిన కాసేపటికే బర్గూరు వస్తుంది. ఈ ఊరికి బట్టల టోకు వ్యాపారమే ప్రాణం. తానులు, చీరలు, లుంగీలు, పంచెలు బేళ్లకు బేళ్లు దిగి, మూటలుగా విడిపోయి ఊరూరి సంతలకు పోతాయి. చుట్టుపక్కల వాళ్లు దీన్ని చిన్న సూరత్తు అంటారు. ఈరోడు జిల్లా కొండల్లో ఎడ్లకు పేరుమోసిన ఇంకో బర్గూరు ఉంది గానీ, ఇది వేరు. ఇక్కడ బేరం తమిళంలో మొదలైతే తెలుగులో ఒకరు, కన్నడంలో ఒకరు, ఉర్దూలో ఒకరు అందుకుంటారు. కొట్టు యజమానిని తమిళంలో మొదలాళి అంటారు, తెలుగులో సావుకారు అంటారు. లెక్క రాసేవాడూ తాను విప్పి చూపించేవాడూ మాత్రం గుమాస్తాలే.

ఈ గుమాస్తా అన్న మాటకే పెద్ద చరిత్ర ఉంది. పారసీ నుంచి వచ్చిన మాట ఇది. ఒకరి తరఫున పని చక్కబెట్టేందుకు నియమించిన మనిషి అని అర్థం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మగ్గాల ముందు నిలబడి, ఇచ్చిన బయానాకు బట్ట ఎక్కడని నేతగాణ్ని గదమాయించినవాడు గుమాస్తాయే. రెండు వందల ఏళ్లు తిరిగేసరికి అదే బట్టల వ్యాపారంలో, అదే పేరుతో, గదమాయింపులు పడే చోటికి వచ్చి నిలబడ్డాడు. ఎంత పైనున్నవాడు ఎంత కిందివాడితో ఏ గొంతుతో మాట్లాడవచ్చు, ఆ గొంతుకు కిందివాడు ఎలా జవాబు చెప్పాడు అన్న కథను బర్గూరు చుట్టుపక్కల నేల మీద వెతికితే, అది ఆఫీసులకంటే ముందు పుట్టిన కథ అని తెలుస్తుంది.

బర్గూరుకు దగ్గర్లోనే జగదేవి అనే ఊరుంది. విజయనగర చివరి రాజుల కాలంలో ఈ సీమనేలిన జగదేవరాయల పేరు మీద వచ్చిన ఊరని చెబుతారు. ఆ సీమ పేరు బారామహల్. మైసూరు సుల్తాన్ల చేతిలోంచి 1792లో శ్రీరంగపట్నం ఒడంబడికతో ఇది కంపెనీ చేతికి వచ్చింది. పాలనకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వచ్చాడు. ఆయన కింద ముగ్గురు సహాయకులు. వాళ్లలో ఒకడు థామస్ మన్రో, తర్వాతి రోజుల్లో రాయలసీమ జనం దేవుడితో సమానంగా చెప్పుకున్న మన్రో దొర. 1792 నుంచి 1799 దాకా ఆయన పని నేర్చుకున్నది ఈ బారామహల్లోనే. రైతువారీ పద్ధతి మొలకెత్తిందీ ఇక్కడే.

రైతువారీ గురించి పాఠ్యపుస్తకాల్లో మధ్యవర్తులు తొలగిపోయారని, ప్రతి రైతుకూ తన పేరు మీద పట్టా దక్కిందని రాస్తారు. అది నిజం. మేలు కూడా. కానీ ఆ మేలుతో పాటు ఇంకొకటి వచ్చింది, దాని మీద ఎవరూ ఎక్కువగా రాయలేదు. అంతకు ముందు చాలా చోట్ల శిస్తు ఊరంతటి మీద కలిపి పడేది. వసూలు తగ్గితే మాటలు పడేది ఊరి పెద్ద, ఆ పెద్ద వెనక ఊరు ఉండేది. మరీ భరించలేకపోతే ఊరికి ఊరే మూటాముల్లె సర్దుకుని ఎల్లదాటిపోయేది. పాలకులు అన్నిటికంటే భయపడింది ఆ వలసకే. రైతువారీ వచ్చాక ప్రతి మనిషీ తన పట్టాతో, తన బాకీతో కచేరీ ముందు ఒంటరిగా నిలబడ్డాడు. మాటలు పడే మనిషి వెనక ఎవరూ లేకుండా పోయారు. ఆఫీసులో మేనేజరు గదిలోకి ఒక్కణ్నే పిలిపించి తలుపు వేసినప్పుడు ఉద్యోగికి కలిగే గుబులు ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఆ రైతు స్థితి చెప్పకుండానే అర్థమవుతుంది.

కచేరీకి మెట్లు చాలా ఉండేవి. కలెక్టరు దొర శిరస్తాదారును కసిరితే శిరస్తాదారు తాసిల్దారు మీద విరుచుకుపడేవాడు. తాసిల్దారు కరణాన్నీ మునసబునూ నిలబెట్టి దులిపేవాడు. బంట్రోతు దాకా వచ్చేసరికి ఆ మాట మాటగా ఉండేది కాదు, చెయ్యి అయ్యేది. మన్రో దీన్ని లోపలి నుంచి చూశాడు. తక్కువ జీతమిచ్చి పెద్ద పెత్తనం అప్పగిస్తే మనిషి పాడవుతాడని, దేశీ ఉద్యోగుల జీతాలు పెంచాలని పదేపదే వాదించాడు. మద్రాసు గవర్నరుగా ఉండగా (1820–27) తన జాతివాళ్లకే కటువైన మాట ఒకటి చెప్పాడు. ఈ దేశాన్ని గెలిచిన పరాయి రాజులు ఇంతకంటే క్రూరులు కావచ్చు గానీ, ఇంత చులకనగా జనాన్ని చూసినవాళ్లు మాత్రం తామేనన్నది ఆ మాట సారం. చులకన చేయడాన్ని క్రూరత్వంతో పాటు త్రాసులో పెట్టి తూచిన పాలకుడు ఆ కాలంలో అరుదు. కలరాతో 1827 జూలైలో పత్తికొండలో ఆయన చనిపోయాడు.

ఆయన పోయిన తర్వాత ఆ కచేరీ నోరు ఎంత దూరం వెళ్లిందో 1855లో లోకానికి తెలిసింది. దాన్ని తెలియజెప్పినవాళ్లలో ముందు వరసలో నిలిచినవాడు తెలుగువాడు, పైగా బట్టల వ్యాపారంతో పైకి వచ్చినవాడు.

గాజుల లక్ష్మీనరసు శెట్టి 1806లో మద్రాసులో పుట్టాడు. రుమాళ్లు, నీలిమందు వ్యాపారం చేసే కుటుంబం. సంపాదించిన డబ్బుతో 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. కచేరీల్లో జనం పడుతున్న హింస గురించి ఆ సంఘం లండన్ పార్లమెంటుకు అర్జీ పంపింది. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే లక్ష్మీనరసు శెట్టి ఆయన్ని పల్లెలకు తీసుకెళ్లి కళ్లారా చూపించాడు. 1854లో పార్లమెంటులో ఆ విషయం లేచింది. విచారణ సంఘం వేయక తప్పలేదు. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అని ముగ్గురు సభ్యులు. స్టోక్స్ గుంటూరులో కలెక్టరుగా చేసినవాడు, నార్టన్ మద్రాసు బారిస్టరు.

ఫిర్యాదులు చెప్పుకోవచ్చని చాటింపు వేస్తే 519 మంది స్వయంగా వచ్చి నిలబడ్డారు. 1,440 ఫిర్యాదులు ఉత్తరాల్లో వచ్చాయి. రైళ్లు లేని రోజులు. వందల మైళ్లు నడిచి వచ్చినవాళ్లున్నారు. వాళ్లు చెప్పినవన్నీ చదవడం ఈ రోజుకీ కష్టమే. ఎండలో వంచి నిలబెట్టడం, వీపు మీద రాయి పెట్టడం, చెక్కల మధ్య వేళ్లు నొక్కే ‘కిట్టి’, మెడనూ కాళ్లనూ కలిపి తాడుతో బిగించే ‘అనుండాల్’, జుట్టును గాడిద తోకకు కట్టడం. వీటిలో ఒంటికి నొప్పి కలిగించేవెన్నో, నలుగురిలో పరువు తీసేందుకే పుట్టినవీ అన్ని ఉన్నాయి. గాడిద తోకకు జుట్టు కట్టినందువల్ల శిస్తు పైకం పుట్టదు. ఆ మనిషి మళ్లీ ఊళ్లో తలెత్తకూడదన్నదే దాని లెక్క.

సంఘం 1855 ఏప్రిల్లో నివేదిక ఇచ్చింది. హింస ఉందని ఒప్పుకుంది, తప్పు చాలావరకు దేశీ ఉద్యోగుల మీద మోపి తెల్ల అధికారులను కాచుకుంది. ఆ పక్షపాతాన్ని అప్పుడే చాలామంది ఎత్తిచూపారు. 1857లో న్యూయార్కు పత్రికలో కార్ల్ మార్క్స్ ఆ నివేదిక మీదే వ్యాసం రాశాడు. అయినా ఆ నివేదికలో ఒక మాట మరిచిపోరానిది. హింస ఉందని తేలడం కంటే, దెబ్బతిన్నవాడు న్యాయం అడగడానికి ఎన్ని అడ్డంకులున్నాయో చూసి ఎక్కువ బాధపడ్డామని ఆ ముగ్గురూ రాశారు. కలెక్టరు ఎక్కడో దూరాన ఉంటాడు. పోయిరావడానికి ఖర్చు, పనిదినాలు పోవడం. ఫిర్యాదు కాగితం అందుకునేది ఎవరి మీద ఫిర్యాదో ఆ కచేరీవాళ్లే. తిరిగి వచ్చాక మళ్లీ వాళ్ల చేతికిందే బతకాలి. ఈ నాలుగు కారణాల్లో ఒక్కటైనా పాతబడిందా అని ఏ ఆఫీసులో పనిచేసేవారైనా తమను తాము అడిగి చూడవచ్చు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది. శిస్తు అడిగే నోటి నుంచి కట్టిపడేసే చెయ్యి వేరయింది.

అర్జీతో పాటు కచేరీ భాషలో ‘మహజరు’ అని ఇంకో మాట ఉంది. పదిమంది కలిసి సంతకాలో వేలిముద్రలో పెట్టి ఇచ్చే కాగితం అది. ఒంటరిగా నిలబెట్టే పద్ధతికి జనం కనిపెట్టుకున్న విరుగుడు అదేననిపిస్తుంది.

కచేరీ తర్వాత కేకలు మిల్లుకు వచ్చాయి. మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ అనే బట్టల మిల్లులుండేవి. తెల్లవాళ్ల అజమాయిషీ. మధ్యాహ్నం తిండికి అరగంటే విరామం. పై అధికారుల తిట్లు, అప్పుడప్పుడూ చెయ్యి చేసుకోవడం. మిల్లు కూలీలు సాయంత్రాల్లో చేరే చోటు ఆ దగ్గర్లోని శ్రీ వేంకటేశ గుణామృతవర్షిణి సభ. సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు నడిపే భక్తి సభ అది. హరికథ వినడానికి వచ్చినవాళ్లు పగలంతా పడిన మాటలు అక్కడ చెప్పుకునేవాళ్లు. ఆ ఇద్దరూ వెళ్లి అనీబెసెంటు అనుచరుడు బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన తొలి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. భజన సభ నుంచి కార్మిక సంఘం రావడం వింతగా తోస్తుంది గానీ, నిదానంగా ఆలోచిస్తే అది సహజమే. కేకలు పడినవాళ్లకు ముందు కావలసింది ఆ సంగతి నవ్వకుండా వినే నలుగురు.

సమ్మె చేయించినందుకు వాడియా మీద యాజమాన్యం హైకోర్టుకు వెళ్లింది. కోర్టు యాజమాన్యం పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. సంఘం పెట్టుకోవడమే నేరమవుతుందా అన్న ప్రశ్న దేశమంతటా లేచి, చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. సంఘం నమోదు చేయించుకోవడానికి ఏడుగురు సంతకం పెడితే చాలని అందులో రాశారు.

మిల్లు కూలీకి సంఘం వచ్చింది, కొట్టులో గుమాస్తా సంగతి? అతనికి దిక్కైన చట్టం 1947లో వచ్చింది. మద్రాసు దుకాణాల, సంస్థల చట్టం. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ కూడా ఉండేవి కాబట్టి మొదట్లో బెజవాడకూ బర్గూరుకూ ఒకటే చట్టం. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది, వారానికో సెలవు. అన్నిటికంటే విలువైంది 41వ సెక్షన్. ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసినవాణ్ని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయడానికి లేదు. తీసేస్తే అప్పీలు చేసుకోవచ్చు. ‘రేపటి నుంచి రావద్దు ఫో’ అన్న కేకకు కాగితం మీద జవాబు చెప్పవలసిన బాధ్యత తొలిసారి సావుకారు మీద పడింది.

కేకను మాత్రం చట్టం ముట్టుకోలేదు. గంటలను, జీతాన్ని, సెలవును కొలిచింది గానీ మాటను కొలవలేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నలుగురిలో ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని నేరంగా చూసింది. 2013లో ఆడవాళ్ల కోసం వచ్చిన చట్టం లైంగిక వేధింపుతో ముడిపడి పనిచోట కించపరచడాన్ని లెక్కలోకి తీసుకుంది. ఈ రెండూ దాటి, ఊరికే రోజూ తిట్టే మేనేజరు సంగతికి వస్తే, 2025 ఫిబ్రవరిలో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: విధుల విషయంలో పై అధికారి మందలించడాన్ని అంతమాత్రాన క్రిమినల్ నేరంగా, ఉద్దేశపూర్వక అవమానంగా చూడలేం, అలా చూస్తే పనిచోట క్రమశిక్షణే నిలవదు. కోర్టు తర్కం కోర్టుది. పొరపాటు చేసినవాణ్ని సరిదిద్దక తప్పదు. కానీ మందలింపు ఎక్కడ ఆగి అవమానం ఎక్కడ మొదలవుతుందో ఆ గదిలో నిలబడినవాళ్లకు బాగా తెలుసు. ఆ తెలివికి సాక్ష్యం దొరకడమే కష్టం.

2010లో తమిళంలో ‘అంగాడి తెరు’ సినిమా వచ్చింది. తెలుగులో ‘షాపింగ్ మాల్’ పేరుతో విడుదలైంది. చెన్నై రంగనాథన్ వీధి బట్టల కొట్టులో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు రోజంతా నిలబడి పనిచేయడం, సూపర్‌వైజరు తిట్లూ దెబ్బలూ పడటం అందులో కథ. చూసినవాళ్లు చాలామంది ఆ తర్వాత బట్టల కొట్టులోకి వెళ్లినప్పుడు అమ్మేవాళ్ల కాళ్ల వైపు చూశామని చెప్పారు.

ఆ కాళ్ల సంగతి మొదట పట్టించుకున్నది కేరళ. కోజికోడు మిఠాయి వీధిలో కొట్లలో పనిచేసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, కూర్చోవడానికి లేదు. అడిగితే మాటలు పడాలి. దర్జీ పని చేసే విజి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టి వాళ్లను కూడగట్టింది. ఒక్కో కొట్టులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఏ ఒక్క కొట్టులోనూ సంఘం కట్టేంతమంది లేరు. అందుకని ఆమె కొట్టును కాకుండా వీధిని పట్టుకుంది. వీధిలో అన్ని కొట్ల ఆడవాళ్లూ ఒక్కటయ్యారు. 2018లో కేరళ చట్టం మార్చింది.

మూడేళ్ల తర్వాత, 2021 సెప్టెంబరులో, తమిళనాడు శాసనసభ ముందుకు అలాంటి సవరణే వచ్చింది. 1947 నాటి ఆ పాత గుమాస్తాల చట్టంలోనే 22-ఏ అనే కొత్త సెక్షన్ చేరింది. బర్గూరులో బట్టల కొట్లు కూడా మిఠాయి వీధిలో లాగే ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఇప్పుడు వాటిలో ప్రతిదానిలోనూ, పనిచేసేవాళ్లు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి బల్లో కుర్చీయో వేసి ఉంచాలి.