ఖరగ్‌పూరు తెలుగువారు – ఫండు, పింఛను

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్ర తీరమునుండి ఖరగ్‌పూరు వర్క్‌షాపునకు వచ్చిన మనవారికి వార్ధక్యమున ప్రావిడెంటు ఫండే ఆధారము. జీతమున కోసినదానికి రైల్వే కొంత కలిపి, విరమణనాడు ఒక్కమారే చేతబెట్టెడిది. 1957లో రైల్వేలో పింఛను ప్రవేశపెట్టినపుడు పాత ఉద్యోగులను రెంటిలో ఒకటి కోరుకొనుమనిరి. నెలనెలా వచ్చు కొద్దిసొమ్ముకంటె ఇల్లు కట్టుటకో, బిడ్డ పెండ్లికో అక్కరకువచ్చు రొక్కమే మేలని కొందరు తలచిరి. వారిని నేను తప్పుపట్టజాలను. కాని కాలక్రమమున ధరలతో పింఛనుదారుల భత్యము పెరిగినది, రొక్కము కరగినది. ఫండు కోరినవారి భార్యలకు కుటుంబ పింఛను దక్కలేదు.

2004 జనవరి 1 తరువాత చేరినవారికి మరల ఎవరి ఖాతా వారిదే: జీతమున నూటికి 10 తమది, 2019 నుండి 14 ప్రభుత్వముది. పాతపద్ధతిని పన్ను కట్టువారికి 50,000 రూపాయల అదనపు మినహాయింపును కలదు. 2025 ఏప్రిలున ఏకీకృత పింఛను వచ్చి, మరల కోరికపత్రము బల్లమీదికి చేరినది. ఈమారు సంతకమునకు ముందు ఇల్లాలిని అడిగినవారెందరో!