అమీన్‌ఖాన్ విన్న తెలుగు: పొట్లచెరువు, యయాతి చరిత్ర

పొన్నికంటి తెలగనార్యుని యయాతి చరిత్రకు సాహిత్యచరిత్రల్లో ఒక స్థిరమైన పరిచయవాక్యం ఉంది: లభ్యమైన అచ్చతెలుగు కావ్యాల్లో ఇది మొదటిది, కృతిభర్త ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు అధికారి అమీన్‌ఖాన్. ఈ రెండు విషయాలను కలిపి చెప్పేటప్పుడు తరచు ఒక కారణాన్ని కూడా జోడిస్తుంటారు. కృతిభర్త మహమ్మదీయుడు, సంస్కృతం ఎరగనివాడు, కనుక ఆయనకు సులభంగా బోధపడడానికే కవి తత్సమాలను విడిచాడని. సహజంగా తోచే ఈ వివరణ అచ్చతెలుగు కావ్యభాషను పరిశీలిస్తే నిలవదు. అంతేకాక, ఇంటి భాష తెలుగు కాని ఒక ప్రభువర్గీయుడు తెలుగును ఏ మార్గంలో, ఎంత దూరం అందుకోగలిగాడన్న ప్రశ్నను అది అడగకుండానే దాటవేస్తుంది.

కావ్యానికి ముందు ఊరి సంగతి కొంత చెప్పుకోవాలి. అమీన్‌ఖాన్ నివాసం పొట్లచెరువు, అంటే నేటి పటాన్‌చెరు. ఆయన సమాధి నేటికీ అక్కడే ఉంది. పక్కనున్న అమీన్‌పూర్ పేరును స్థానికులు ఆయనతోనే ముడిపెడతారు. కర్మాగారాల పట్టణంగా, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్‌కు నెలవుగా ఇప్పుడు ప్రసిద్ధమైన ఈ చోటు కళ్యాణి చాళుక్యుల కాలంనాటికే రాజకీయ కేంద్రం. పదకొండో శతాబ్దిలో రెండవ జయసింహుని రాజధానుల్లో ఒకటైన పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ‘కెరె’ కన్నడం, ‘చెరువు’ తెలుగు. ఊరి పేరు తానే ఒక భాష నుంచి మరో భాషలోకి మారింది. గోల్కొండ కొలువు పారసీకాన్ని వెంటబెట్టుకొని రాకముందే ఇక్కడ రెండు భాషలు పక్కపక్కన మెలిగాయన్నమాట.

పరభాషాభ్యాసానికి గోల్కొండ చరిత్రలో ప్రముఖ ఉదాహరణ ఇబ్రహీం కుతుబ్‌షాయే. 1543లో సుల్తాన్ కులీ కుతుబుల్‌ముల్క్ హతుడై, జంషీద్ గద్దెనెక్కగానే, సోదరుడైన ఇబ్రహీం ప్రాణభయంతో మొదట బీదరుకు, అక్కడి నుంచి విజయనగరానికి వెళ్లాడు. అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు ఏడేళ్లు గడిపాడు. బాల్యం గోల్కొండలో గడిచిన రాజకుమారుడికి తెలుగు కావ్యగోష్ఠి పరిచయమైంది ఈ ప్రవాసంలో. అది విద్యాయాత్ర కాదు, తలదాచుకోవడం. భాషను అభ్యసించాలన్న సంకల్పం కన్నా, నిత్యం దాని మధ్య మసలవలసి రావడమే అక్కడ గురువు. 1550లో జంషీద్ మరణానంతరం గోల్కొండ దక్కించుకోవడంలో ఆయనకు జగదేవరావు, కోటలను కాపాడే తెలుగు నాయకవాడీలు తోడ్పడ్డారు. తెలుగు ఆయనకు అభిరుచి మాత్రమే కాదు, అధికారానికి ఆధారం కూడా. ఆశ్రయమిచ్చిన రామరాయలపైనే 1565లో సుల్తానుల పక్షాన నిలిచి పోరాడినా, తెలుగు కవులకు ఆయన ‘మల్కిభరాముడు’గానే మిగిలాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అగ్రహారం దక్కిందీ ఈ ప్రభువు నుంచే.

రాజుకు ప్రవాసం ఇచ్చిన అవకాశం అధికారికి ఉద్యోగం ఇస్తుంది. ఇక్కడ రెండు తెలుగులను వేరుచేసి చూడాలి. శిస్తు లెక్క, చెరువు కింద నీటివాటా, పొలిమేర తగవు, కరణంతో సంభాషణ — పొట్లచెరువులో ఉండి పాలన సాగించేవాడికి అనివార్యమైన తెలుగు ఇది. పని చేస్తూ, తప్పులాడుతూ, దిద్దించుకుంటూ వచ్చేది. రెండోది కావ్యపు తెలుగు. దీన్ని అందుకోవడానికి అక్షరాభ్యాసం అవసరం కాలేదు. ఆనాటి కావ్యం ప్రధానంగా వినికిడి వస్తువు: కవి చదువుతాడు, పండితుడు అర్థం విప్పుతాడు, సభ తల ఊపుతుంది, ప్రభువు మళ్లీ చదివిస్తాడు. పెద్దవయసులో పరభాషను చేపట్టినవాడికి ఇంతకంటె అనుకూలమైన పాఠశాల ఊహించడం కష్టం. అమీన్‌ఖాన్ తెలుగు చదవగలిగాడా, రాయగలిగాడా అన్న ప్రశ్నకు మన పరిశోధన ఇచ్చిన ప్రాముఖ్యం కాస్త ఎక్కువే. ఆయన ఎలాంటి శ్రోత అన్నది అసలు ప్రశ్న.

ఇప్పుడు అచ్చతెలుగు విషయం. తత్సమాలు తీసివేస్తే భాష తేలికవుతుందన్నది భ్రమ. దేశం, గ్రామం, న్యాయం, ధర్మం, పుణ్యం వంటి మాటలు పల్లెవాడి నోట కూడా నలిగినవే. పాలనలో ఉన్న పరభాషీయుడు మొదట నేర్చేది ఇలాంటి మాటలే. అచ్చతెలుగు కవి వీటినే వెలివేస్తాడు. వాటి స్థానంలో అరుదైన దేశ్యపదాలను వెతకాలి, లేదా కొత్త సమాసాలు కట్టాలి. సూర్యుణ్ని ‘వేవెలుఁగు’ అంటే వెనుక సహస్రకిరణుడు లేకుండా అర్థం కాదు. ‘చలివెలుఁగు’కు హిమకరుడు, ‘ముక్కంటి’కి త్రినేత్రుడు, ‘గట్టుపట్టి’కి గిరిజ దన్నుగా నిలవాలి. సంస్కృతం ఇక్కడ మాయం కాలేదు, తెర వెనక్కి వెళ్లింది. సంస్కృత కవిసమయాలు ఎరగని శ్రోతకు అచ్చతెలుగు సులభం కాకపోగా రెట్టింపు కష్టం. యయాతి కథ సైతం కొత్తది కాదు. నన్నయ ఆదిపర్వంలో చెప్పినదే. తెలిసిన కథను ఒక నిర్బంధానికి లోబడి తిరిగి చెప్పడంలోని నేర్పును మెచ్చాలంటే, కవి ఏం వదులుకుంటున్నాడో కృతిభర్తకు కొంతైనా తెలిసి ఉండాలి. ఆ యుగపు అభిరుచి కూడా దీన్నే బలపరుస్తుంది. ఇబ్రహీం కాలపువాడైన మరింగంటి సింగరాచార్యులు పెదవులు తగలని అక్షరాలతో దశరథరాజనందన చరిత్ర రచించాడు. నిరోష్ఠ్యం ఎవరి సౌలభ్యం కోసమూ పుట్టలేదు. అచ్చతెలుగును దాని సరసనే ఉంచి చూడడం న్యాయం.

అయితే ఈ నిర్బంధమే ఎందుకు? తత్సమ, తద్భవ, అచ్చతెనుగు, దేశ్య విభజన పదమూడో శతాబ్దిలో కేతన ఆంధ్రభాషాభూషణంలోనే ఉంది. పాల్కురికి సోమనాథుడు జానుతెనుగును పట్టుకొన్నదీ ఆ శతాబ్దిలోనే. కనుక ఈ ఊహ పారసీకం నుంచి దిగుమతి అయినది కాదు. కానీ శాస్త్రగ్రంథంలో ఉన్న విభజన కావ్యమంతటినీ నడిపే నియమం కావడానికి మూడు శతాబ్దాలు పట్టింది; అది జరిగినప్పుడు కృతిభర్తగా ఉన్నవాడు పరభాషీయుడు. దీన్ని యాదృచ్ఛికమని తోసిపుచ్చలేం. పుట్టినప్పటి నుంచి ఒక భాషలో ఉన్నవాడు తన మాటల్లో ఏది సొంతమో, ఏది అరువో ఆరా తీయడు. బయటి నుంచి వచ్చి ఒక్కొక్క మాటనూ చేతితో తడిమి నేర్చుకొన్నవాడికి ఆ అతుకు తగులుతుంది. పైగా పారసీక సంప్రదాయంలో అరబీ పదాలను చాలా తక్కువగా వాడిన కావ్యంగా ఫిరదౌసి షానామాకు పేరు ఉండనే ఉంది. అమీన్‌ఖాన్ ఆ పోలిక తెచ్చాడనడానికి కావ్యసాక్ష్యం లేదు. ఆయన వర్గపు శ్రోతకు ‘అరువు మాటలు లేని కావ్యం’ అన్న భావన వింతగా తోచి ఉండదని మాత్రం చెప్పవచ్చు.

ఎదురుదిశలో సాగిన అభ్యాసం ఇంతకన్న విస్తృతమైనది. కొలువులో ఎదగదలచిన తెలుగు కరణాలు, నియోగులు పారసీకం నేర్చారు. గోల్కొండ ఆజ్ఞాపత్రాలు కొన్ని పారసీకంలోనూ తెలుగులోనూ వెలువడ్డాయి. కచేరి, రైతు, దస్తావేజు, గుమాస్తా, కాగితం మన భాషలో స్థిరపడిన తీరు వేరే వ్యాసానికి తగిన విషయం. ఒక్క తేడా మాత్రం గమనించదగింది. వారు నేర్చినది జీవనోపాధికి. దాని గుర్తులు దస్త్రాల్లో మిగిలాయి. అమీన్‌ఖాన్ నేర్పరితనానికి, అది ఎంతదైనా, గుర్తు కావ్యంలో మిగిలింది.

ఆ కావ్యంలోనే ఒక చిన్న చిక్కు ఉంది. మలిక్ ఇబ్రహీం అన్న పేరును తెలుగు కవులు మల్కిభరాముడిగా మలిచి, చివరన ఒక రాముణ్ని కూర్చోబెట్టారు. యయాతి చరిత్ర కృతిభర్త పేరుకు ఆ భాగ్యం దక్కలేదు. ‘అమీన్’ అరబీ పదం, నమ్మదగినవాడని అర్థం. ‘ఖాన్’ తురుష్క బిరుదు. గిరిజను గట్టుపట్టిగా మార్చగలిగిన పద్ధతికి ఈ పేరును తెనిగించడం అసాధ్యమేమీ కాదు. అయినా తెలగనార్యుడు దాన్ని దాదాపు అలాగే ఉంచాడు. తత్సమాలకు తలుపు మూసిన తొలి కావ్యంలోకి అరబీ, తురుష్క పదాలు రెండూ కృతిభర్త పేరుగా ముందే వచ్చి కూర్చున్నాయి.