రాళ్ల కట్ట చాటుకు తిరిగే కెరటం

తెల్లారేవేళ విశాఖ రేవుకు తిరిగొస్తున్న చేపల బోటులో, అణియం దగ్గర నిలబడ్డారు మీరు. ఎడమచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ. ముందు, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాళ్ల కట్ట. దక్షిణం నుంచి నిండుగా వస్తున్న కెరటాలు బోటును ఎత్తి దించుతున్నాయి. పది సెకన్లకు ఒకటి చొప్పున, ఒకదాని తలకూ మరోదాని తలకూ మధ్య దాదాపు వంద మీటర్ల ఎడంతో వస్తున్నాయి. అంచు గట్టిగా పట్టుకోండి.

కట్ట కొస దగ్గరపడింది. ఇక్కడ మాత్రం చూపు తిప్పకండి. ఒక పొడవాటి కెరటం వస్తోంది. కొంత భాగం రాళ్లకు కొట్టుకుని తెల్లగా పగిలిపోయింది. మిగతాది కొసను దాటింది. దాటింది కదా, తిన్నగా ఉత్తరానికి పోవాలి. కానీ కొసవైపు దాని అంచు ఒంగుతోంది. కొసనే కేంద్రంగా చేసుకుని గుండ్రంగా విప్పారుతూ, కట్ట చాటున ఉన్న నిశ్చలమైన నీటిలోకి నడిచిపోతోంది. కెరటం తల దగ్గర నీరు ఎత్తుగా ఉంది, చాటున పల్లంగా ఉంది. ఆ ఎత్తు పక్కకు ఒరగకుండా ఆపేది అక్కడ ఏముంది? అయితే ఎంత దూరం పరుచుకుంటే అంతగా అణుగుతుంది.

బోటు ఇప్పుడు కొసకు నేరుగా వెనక, చాటు మొదలయ్యే గీత మీద ఉంది. కాళ్ల కింద ఊపు గమనించండి, బయటి దానిలో సుమారు సగం. ఈ సగం లెక్క మొదట తేలింది సముద్రం మీద కాదు, వెలుతురు మీద! పలుచని పలక అంచు దగ్గర కాంతి ఎలా వంగుతుందో 1896లో జర్మన్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ గణితంతో తేల్చాడు. 1952లో పెన్నీ, ప్రైస్ అనే శాస్త్రవేత్తలు అదే గణితాన్ని రేవు గోడలకూ సముద్రపు కెరటాలకూ అన్వయించి ప్రచురించారు. నాకిది ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకా లోపలికి వచ్చాం. గాలికి లేచిన చిన్న అలలు ఇక్కడిదాకా రాలేకపోయాయి, నీరు నున్నగా ఉంది. కట్ట అవతల ఏదో బోటు ఇంజన్ మోగుతోంది, బోటు మాత్రం కనబడదు. ఆ బొంగురు మోతకు అలపొడవు కొన్ని మీటర్లు, అందుకే రాళ్లను చుట్టి వచ్చేసింది. వెలుతురు అలపొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు, దానికి అంత వంపు చేతకాదు. అన్నిటికీ అడ్డం ఒకటే. అల ఎంత పొడవైతే ఆ అడ్డం చాటుకు అంత బాగా చేరుతుంది.

మీరు తాడు అందుకోబోతుంటే సరంగు వారించాడు. నున్నటి ఈ నీటి కిందే పొడవాటి కెరటం ఇంకా మెల్లగా నడుస్తోంది. కట్టేసిన బోటు దానితోపాటు ముందుకు జరిగితే తాడు వదులవుతుంది, వెనక్కి జరిగితే ఒక్కసారిగా బిగుస్తుంది.

"ఈడొద్దు బాబూ, తాడు తెగిపోద్ది. ఇంకా లోనికెల్లి కడదాం."