హెచ్ఎంటీ కథ: వాచీ పేరు బియ్యం బస్తా మీదకి ఎలా వచ్చింది?

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. "హెచ్ఎంటీ" అనగానే మీకు మొదట ఏం గుర్తొస్తుంది?

హైదరాబాద్‌లో పెరిగిన మీలో చాలామంది "బియ్యం" అంటారని నాకు తెలుసు. కిరాణా షాపుకి వెళ్తే "హెచ్ఎంటీ పాతవి ఇవ్వాలా, కొత్తవి ఇవ్వాలా" అని అడుగుతారు కదా, ఆ సన్నబియ్యం. ఇదే ప్రశ్న మీ తాతయ్యని అడగండి. ఆయన ఎడమ చేతి మణికట్టు చూపిస్తారు. ఆయనకి హెచ్ఎంటీ అంటే వాచీ.

రెండూ ఒకే పేరు ఎందుకయ్యాయి? అనుకోకుండా కలిసిన పేర్లు కావవి. అక్కడికి చివర్లో వస్తాను. ముందు వాచీ సంగతి.

నాకు వాచీల పిచ్చి పట్టి మూడేళ్ళయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో చేతికి స్మార్ట్ వాచీ ఉండేది. అది రోజంతా వణుకుతూనే ఉండేది. మీటింగ్, మెయిల్, లేచి నడువు, నీళ్ళు తాగు. ఒకరోజు విసుగొచ్చి తీసి పక్కన పెట్టి, ఆన్‌లైన్‌లో ఒక పాత హెచ్ఎంటీ జనతా కొన్నాను. ముదురు నారింజ రంగు డయల్, తళతళలాడుతోంది. ఫోటోలు పెట్టి తెగ పోజులు కొట్టాను.

నెల తిరక్కుండానే ఆగిపోయింది. కోఠిలో ఒక పాత రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. ఆయన వెనక మూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని చూసి నవ్వారు. "బాబూ, మెషిన్ ఒక వాచీది, కేసు ఇంకో వాచీది. డయల్‌కి మొన్ననే రంగు వేశారు. ఇందులో జనతా అన్న పేరు తప్ప జనతా ఏం లేదు" అన్నారు. అమ్మినవాడు ఎవరో చెప్పను, ఇలాంటివి బోలెడు తిరుగుతున్నాయి. మీరు కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. యాభై ఏళ్ళ వాచీ డయల్ నిన్న కొన్నట్టు మెరుస్తుంటే అనుమానించండి. అక్షరాలు లావుగా, అలికినట్టు ఉన్నాయా, నిమిషాల గీతలు వంకరగా ఉన్నాయా చూడండి. లోపలి మెషిన్ ఫోటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

అప్పుడు గుర్తొచ్చింది, అసలైనది మా అమ్మమ్మ బీరువాలోనే ఉందని. దాని దగ్గరికి వచ్చేముందు కొంచెం చరిత్ర చూద్దాం.

చేతి గడియారం మగవాళ్ళ చేతికి వచ్చి వందేళ్ళు దాటింది, అంతే. అంతకుముందు మగవాళ్ళది జేబు గడియారం. మణికట్టుకి కట్టుకునేది యూరప్‌లో ఆడవాళ్ళ నగ కింద లెక్క. మొదటి ప్రపంచ యుద్ధం దాన్ని మార్చేసింది. కందకంలో, చేతిలో తుపాకీతో ఉన్న సైనికుడు జేబులోంచి గడియారం తీసి చూడలేడు కదా. యుద్ధం అయ్యాక ఆ అలవాటు ఊళ్ళలోకి వచ్చింది.

మన దేశంలో 1960 దాకా మంచి వాచీ అంటే దాదాపు స్విట్జర్లాండ్ సరుకే. ఫావ్ర్ లూబా, వెస్ట్ ఎండ్ లాంటి పేర్లు. అవి వకీళ్ళకి, డాక్టర్లకి, జమీందార్లకి. మామూలు మనిషికి టైమ్ అంటే సూర్యుడు, మిల్లు సైరన్, బడి గంట, స్టేషన్‌కి వచ్చే రైలు.

హెచ్ఎంటీ పూర్తి పేరు హిందుస్థాన్ మెషిన్ టూల్స్. కేంద్ర ప్రభుత్వం 1953లో బెంగళూరులో పెట్టింది. లేత్ మెషిన్ల లాంటివి, అంటే మెషిన్లని తయారుచేసే మెషిన్లు, దాని అసలు పని. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్‌తో కలిసి బెంగళూరులోనే వాచీల ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. తొలి వాచీలు నెహ్రూ చేతుల మీదుగా విడుదలయ్యాయి. తర్వాత తుమకూరు, శ్రీనగర్, నైనిటాల్ దగ్గర రాణీబాగ్‌లో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. "దేశ్ కీ ధడ్కన్" అన్నది వాళ్ళ నినాదం, అంటే దేశం గుండె చప్పుడు.

ఆ చప్పుడు ఎలా పుడుతుందో చూడండి. జనతా అనేది కీ ఇచ్చే వాచీ. బ్యాటరీ లేదు. మీరు కీ తిప్పితే లోపల స్ప్రింగ్ చుట్టుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ చక్రాల్ని తిప్పుతుంది. ఒక చిన్న బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ సెకనుకి 5 సార్లు, గంటకి 18,000 సార్లు ఆ చక్రాల్ని ఆపి వదులుతుంది. ఆ ఆపి వదలడమే టిక్ టిక్. డయల్ మీద 17 జువెల్స్ అని ఉంటుంది కదా, అవి నగల రాళ్ళు కావు. ఇరుసులు అరిగిపోకుండా పెట్టే కృత్రిమ కెంపులు.

ఇలాంటి వాచీ రోజుకి అర నిమిషం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. రేడియోలో వార్తలు మొదలవగానే సరిచేసుకునేవాళ్ళు.

ఇప్పుడు అమ్మమ్మ బీరువాలోది. మాది తెనాలి వైపు. తాతయ్య స్కూలు టీచర్. ఆ వాచీ గురించి చిన్నప్పటినుంచి నేను విన్నది ఒకటే: "మీ తాతయ్య ఆ వాచీ చూసుకునే బడి గంట కొట్టించేవారు." నేనూ ఎపిసోడ్‌లో అదే చెబుదామనుకున్నాను. ఆ కాలం వాళ్ళు, క్రమశిక్షణ, అలా.

మాటవరసకి, "తాతయ్య ఎప్పుడు కొనుక్కున్నారు అమ్మమ్మా?" అని అడిగాను.

"కొనుక్కోవడమేంట్రా? 1971లో మా పెళ్ళిలో అలిగారు" అంది.

అలక పాన్పు గురించి మీకు తెలిసే ఉంటుంది. పెళ్ళిలో అల్లుడు అలిగి కూర్చుంటాడు, అడిగింది ఇస్తేనే లేస్తాడు. ఇప్పుడు అదంతా వీడియో కోసం చేసే సరదా. అప్పట్లో చాలా ఇళ్ళలో సరదా కాదు. సైకిల్, రేడియో, వాచీ. తాతయ్య హెచ్ఎంటీ వాచీ అడిగారు.

"మా నాన్న దగ్గర అప్పటికే చేతిలో పైసా లేదు. తిండికని గాదెలో ఉంచిన వడ్లు మూడు బస్తాలు అమ్మి, గుంటూరు మనిషిని పంపించి తెప్పించాడు. ఆ ఏడు వేసవిలో మా అమ్మావాళ్ళు జొన్నన్నం తిన్నారు. నాకు తర్వాతెప్పుడో మా చెల్లెలు చెప్పింది" అంది. కోపంగా కాదు, చింతపండు పిక్కలు తీస్తూ మామూలుగా చెప్పింది.

నేను కాసేపు ఏం మాట్లాడలేదు. తాతయ్య చెడ్డవాడు కాదు. నన్ను భుజాన వేసుకుని తిప్పిన మనిషి. కానీ నేను "సామాన్యుడి వాచీ" అని స్క్రిప్ట్ రాసుకున్నాను. సామాన్యుడి చేతికి వచ్చిన మాట నిజం. దాని ఖరీదు కట్టింది మాత్రం ఇంకో సామాన్యుడు. ఆయన చేతికి వాచీ లేదు.

మరి హెచ్ఎంటీ ఎందుకు మూతపడింది? "గవర్నమెంట్ కంపెనీ కదా, బద్ధకం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అంత సింపుల్ కాదు.

1969 డిసెంబర్ 25న జపాన్‌లో సైకో కంపెనీ ఆస్ట్రాన్ అనే వాచీ విడుదల చేసింది. ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అదే. కరెంట్ ఇస్తే క్వార్ట్జ్ స్ఫటికం ఒకే వేగంతో కంపిస్తుంది. ఇప్పుడు మామూలు క్వార్ట్జ్ వాచీలో సెకనుకి 32,768 సార్లు. కోడింగ్ చేసేవాళ్ళకి ఈ నంబర్ చూడగానే వెలగాలి: 2 పవర్ 15. దాన్ని 15 సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా సెకనుకి ఒక్క పల్స్ మిగులుతుంది. ఆ పల్స్‌తో ముల్లు ఒక అడుగు కదులుతుంది. ఆస్ట్రాన్ నెలకి 5 సెకన్లు తేడా వచ్చేది, అంతే. గంటకి 18,000 సార్లు ఊగే చక్రం దీనితో పోటీ పడలేదు. స్విట్జర్లాండ్‌లోనే వేలమంది ఉద్యోగాలు పోయాయి.

హెచ్ఎంటీకి ఇది తెలియక కాదు. 1980ల మొదట్లోనే క్వార్ట్జ్ వాచీలు కూడా చేసింది. కానీ ఫ్యాక్టరీలు, పనివాళ్ళ నైపుణ్యం, అమ్మకాలు అన్నీ కీ వాచీల చుట్టూ కట్టుకున్నవి. మనం లెగసీ సిస్టమ్ అంటామే, అదే పరిస్థితి. రన్ అవుతోంది, డబ్బు తెస్తోంది, ముట్టుకోవాలంటే భయం.

1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్ పెట్టారు. హోసూరులో ఫ్యాక్టరీ. 1987 నుంచి క్వార్ట్జ్ వాచీలు, అద్దాల షోరూమ్, టీవీలో మోజార్ట్ సంగీతంతో యాడ్. హెచ్ఎంటీ వాచీని అవసరంగా అమ్మింది. టైటాన్ దాన్ని మీ డ్రెస్సులో భాగంగా అమ్మింది. 1991 తర్వాత విదేశీ వాచీలకి తలుపులు తెరుచుకున్నాయి. చివరికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకి ఆమోదం తెలిపింది. అదే నిర్ణయంలో హైదరాబాద్‌లోని హెచ్ఎంటీ బేరింగ్స్ కూడా పోయింది. హెచ్ఎంటీ పేరుతో వాచీలు కొద్దిగా ఇప్పటికీ వస్తున్నాయి, కానీ ఆ పెద్ద ఫ్యాక్టరీల కాలం అయిపోయింది.

ఇప్పుడు బియ్యం సంగతి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, నాందేడ్ అనే పల్లె. దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు. 1983లో తన పొలంలో కొన్ని వరి కంకులు వేరుగా ఉన్నాయని గమనించి, ఆ విత్తనం దాచి, ఏళ్ళ తరబడి వేసి చూశాడు. సన్నటి గింజ, మంచి దిగుబడి. దాన్ని కొన్న వ్యాపారి పేరు పెట్టాలనుకున్నప్పుడు, అప్పట్లో అందరూ కోరుకునే వస్తువు ఏది? హెచ్ఎంటీ వాచీ. ఆ పేరే పెట్టేశాడు. ఆ వరి మన తెలంగాణ దాకా పాకింది. 2010లో ఫోర్బ్స్ పత్రిక గ్రామీణ పారిశ్రామికవేత్తల జాబితాలో ఆయన పేరు వేసింది. కానీ ఆ వరి తెచ్చిన సంపద ఆయన ఇంటికి రాలేదు. 2018లో, పేదవాడిగానే కన్నుమూశాడు.

మా ముత్తాత వడ్లు అమ్మితే హెచ్ఎంటీ వాచీ వచ్చింది. ఖోబ్రాగడే వడ్లకి హెచ్ఎంటీ పేరొచ్చింది. రెండు చోట్లా పండించినవాడికి మిగిలింది తక్కువే.

తాతయ్య వాచీని కోఠి షాపుకే తీసుకెళ్ళాను. ఆయన శుభ్రం చేసి, నూనె వేసి, "డయల్ పసుపెక్కింది, కొత్తది వెయ్యనా?" అన్నారు. వద్దన్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే కీ ఇస్తాను. మీ ఇంట్లో కూడా ఉంటే, బిగువు తగలగానే ఆపేయండి, బలవంతంగా తిప్పొద్దు. నాది రోజుకి 40 సెకన్లు వెనకబడుతుంది. పర్లేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ చేతికి పెట్టాను. బెల్టు వదులై మోచేతి దాకా జారింది. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు వింది. "మీ తాతయ్య నన్ను ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదురా, కీ తెగిపోతుందని" అంది. తర్వాత తీసి ఇచ్చేసి, "నాకెందుకు, ఫోన్‌లో టైమ్ ఉందిగా" అంది.

మీ ఇంట్లో పాత వాచీ ఉంటే మోడల్ ఏంటో తర్వాత వెతకొచ్చు. ముందు అమ్మమ్మనో నానమ్మనో అడగండి, అది ఎలా వచ్చిందని. అడగాల్సినవాళ్ళు ఉన్నప్పుడే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.