నరముల వ్యాధి – బావి నీరు

విజయవాడ వద్ద కృష్ణానదికి అడ్డముగా కట్టిన ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప డెల్టా గ్రామములకు కాలువ నీరు వచ్చెను. పైరులకే గాక, చెరువులు నింపుకొని త్రాగుటకును ఆ నీరే ఆధారమయ్యెను. డెల్టాకు నైరుతి దిక్కున నున్న మెట్టప్రాంతములకు ఆ భాగ్యము లేదు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాల ప్రజలు రాతినేలలో త్రవ్విన బావులపైననే బ్రతికిరి.

ఆ ప్రాంతమున ఒక వింత వ్యాధి కలదని 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు ప్రకటించిరి. (మలేరియా క్రిమి మనుష్యుని కాలేయములో కొంతకాలము పెరుగునని 1948లో గార్న్‌హామ్‌తో కలసి చూపిన షార్ట్ ఇతడే.) వారు వర్ణించిన క్రమ మిది: మొదట కాలుసేతులలో తిమ్మిరి; పిమ్మట నడుము నొప్పి, బిగువు. పోనుపోను వెన్నెముక అంతయు ఒకే కఱ్ఱవలె బిగిసిపోవును. ప్రక్కటెముకలు కదలవు. తుదకు రోగి మంచము పట్టి, మలమూత్రములపై అదుపు కోల్పోవును. కారణము బావి నీటిలోని ఫ్లోరైడు.

ఎముకల వ్యాధి నరముల వ్యాధి ఎట్లగును? ఎముకలోని ఖనిజమున ఫ్లోరైడు చేరి, క్రొత్త ఎముకను అవసరమునకు మించి పుట్టించును. వెన్నుపూసల అంచులు పెరుగును. వానిని కలిపి పట్టుకొను స్నాయువులు సైతము సున్నము పట్టి గట్టిపడును. వెన్నుపాము పోవు సన్నని దారి మరింత ఇరుకై, వెన్నుపాము, దానినుండి వెలువడు నరముల మొదళ్లు నలిగిపోవును.

ఇట్టి రోగి ఆసుపత్రిలోని నరముల విభాగమునకు వచ్చినపుడు వైద్యుడు చూచునది బిగుసుకొనిన కాళ్లను మాత్రమే. మోకాలిచిప్ప క్రింద చిన్న సుత్తితో తట్టగా కాలు మితిమీరి ఎగిరిపడును. వెన్నెముక క్షయలోను, వెన్నులో పెరిగిన గడ్డలోను ఇదే కనిపించును. కావున సుత్తి ఒక్కటి చాలదు. పండ్లపై గోధుమరంగు మచ్చలు కలవా, మెడ వంగుచున్నదా, ఏ ఊరు, ఏ బావి నీరు అని అడుగవలెను. ముంజేతి ఎక్స్ రే తీసినచో రెండు ఎముకల నడుమనున్న పొర సున్నము పట్టి కనిపించును. వెన్నులోని చిక్కును ముంజేయి బయటపెట్టుట విశేషమే!

నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని గురించి సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. తరువాత హైదరాబాదులో నరముల శస్త్రవైద్యుడైన డి. రాజారెడ్డి ఈ రోగులను దీర్ఘకాలము పరిశీలించెను. వెన్నుపూసల వెనుకభాగమును తొలగించి వెన్నుపాముపై ఒత్తిడి తగ్గింపవచ్చును. కాని ఆ ఎముక మిక్కిలి గట్టిది. చాలకాలము నలిగిన వెన్నుపాము మరల పూర్తిగా కోలుకొనుట అరుదు. ఎముకను కరగించు మందు లేదు.

అందుచేత అసలు చికిత్స నీటి యొద్దనే జరుగవలసి వచ్చెను. నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, ఫ్లోరైడును మడ్డితోపాటు అడుగునకు దింపు పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ 1970 దశకమున రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టెను. ఆ మడ్డిని ఏమి చేయవలెనన్నది వేరు సమస్య. పల్లెలో ప్రతిదినము కొలత తప్పకుండ కలుపుటయు సులభము కాదు.

కృష్ణ కథ ఇక్కడ మరల వచ్చును. నల్లగొండ పిల్లలలో మోకాళ్లు లోపలికి వంగుటను 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వెల్లడించిరి. నాగార్జునసాగర్ నిండిన పిదప భూగర్భజలము పైకి వచ్చి, జొన్నలలో మాలిబ్డినము హెచ్చినందున శరీరమున రాగి తగ్గి ఇట్లగుచున్నదేమో యని ఊహింపబడెను. అదే కృష్ణ నీరు పిమ్మట గొట్టముల ద్వారా ఆ గ్రామములకు త్రాగునీరై చేరెను; 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ దానిని ఇంకను విస్తరించెను. ఎముకలో చేరిన ఫ్లోరైడు మాత్రము ఏండ్ల తరబడి పోదు. మంచినీరు వచ్చిన ఊళ్లలోను పాత రోగులు మిగిలియే యున్నారు.