నాష్‌విల్‌లో ఒక పాత ప్రార్థనా మందిరము

మీ పిల్లలు అమెరికాలో ఉండి, వారిని చూడటానికి వెళ్ళినప్పుడు టెన్నెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణం మీకు తటస్థిస్తే, రైమన్ ఆడిటోరియం లోపలికి తప్పక వెళ్ళండి. పేరుకు అది కచేరీల హాలు. ఎర్ర ఇటుకల గోడలు, పైన కోసుగా ఉన్న కిటికీలు చూస్తే మాత్రం గుడి అనుకుంటారు. లోపల విడివిడి కుర్చీలు కావు, పొడవాటి చెక్క బెంచీలు. రెండు గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తుంది, ముందే చెబుతున్నాను.

గుడి అనుకోవడంలో తప్పు లేదు. థామస్ రైమన్ కంబర్లాండ్ నది మీద స్టీమర్లు నడిపిన వ్యాపారి. 1885లో శామ్ జోన్స్ అనే సువార్తికుడు నాష్‌విల్‌లో గుడారపు కూటములు జరిపినప్పుడు, అక్కడ వాక్యం విని మారుమనస్సు పొందాడు. తన ఓడల్లోని సారా అంతా నదిలో పోయించాడని ఒక కథ ఉంది; అది ఎంతవరకు నిజమో గాని, ఆయన పట్టుదల మాత్రం ఇటుక గోడలై నిలిచింది. ఏ సంఘమువారైనా కూడి వినేందుకు యూనియన్ గాస్పెల్ టాబర్నకిల్ అనే మందిరం 1892లో పూర్తయింది. 1904లో రైమన్ చనిపోయినప్పుడు భూస్థాపన ఆరాధనలో ప్రసంగించినది ఆ శామ్ జోన్సే. తర్వాత మందిరానికి రైమన్ పేరు వచ్చింది.

మైకులు లేని ఆ రోజుల్లో ప్రసంగీకుని గొంతు చివరి బెంచీ వరకు వినబడాలి. వంపు తిరిగిన బెంచీల వరుసలు, ఆ చెక్క పాటకు కూడా అంతే పనికి వచ్చాయి. ఖర్చులు గడవాలి గనుక హాలును అద్దెకిచ్చారు. 1943 నుండి 1974 వరకు డబ్ల్యుఎస్ఎమ్ రేడియో వారి గ్రాండ్ ఓల్ ఓప్రీ సంగీత కార్యక్రమం ఇక్కడినుండే వెళ్ళింది. రేడియో ముందు కూర్చుని ఎదురుచూడటం ఏమిటో మీకు నేను చెప్పాలా?

1945 డిసెంబరులో ఈ వేదిక మీదికి బిల్ మన్రో బృందం, బ్లూ గ్రాస్ బాయ్స్ వచ్చారు. వారితో కొత్తగా చేరిన ఎర్ల్ స్క్రగ్స్‌కు 21 ఏళ్ళు. అతని చేతిలో బాంజో, అంటే డప్పులా బిగించిన తోలు మీద తీగలు లాగిన వాయిద్యం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడింటితో అంత వేగంగా, ఒక్క స్వరం చెదరకుండా వాయిస్తుంటే జనం కేకలు వేశారు. బ్లూగ్రాస్ సంగీతం పుట్టినది అక్కడేనని అంటారు. ఆ బృందమే నాలుగు గొంతులతో భక్తి పాటలు కూడా పాడేది.

1974లో ఓప్రీ ఊరి వెలుపల కట్టిన కొత్త భవనానికి తరలిపోయింది. దానికి ముందే యజమానులకు వచ్చిన ఆలోచన వినండి: రైమన్‌ను పడగొట్టి, ఆ ఇటుకలతో తమ వినోద పార్కులో చిన్న చర్చి కట్టడం! ప్రార్థనా మందిరాన్ని కూల్చి ప్రార్థనా మందిరం కడతారట. భక్తిగా వినిపించే మాట ప్రతిదీ భక్తి కాదు. చాలామంది అడ్డుపడ్డారు, గోడలు బతికాయి. మీ ఊరి పాత మిషను గుడి విషయంలో కమిటీ కూర్చున్నప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి.

అయితే బతికిన గోడలను చాలా కాలం ఎవరూ సరిగా పట్టించుకోలేదు. 1991లో ఎమ్మీలూ హారిస్ అక్కడ పాడి రికార్డు చేసినప్పుడు, భద్రత కోసం బాల్కనీ మీదగాని, దాని కిందగాని ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ పాటల తర్వాత జనం దృష్టి మళ్ళీ అటు మళ్ళింది. మరమ్మతులు చేసి 1994లో తెరిచారు. బెంచీలు మార్చలేదు.

1996లో బిల్ మన్రో చనిపోయినప్పుడు జ్ఞాపకార్థ కూడిక అక్కడే జరిగింది. 2012లో ఎర్ల్ స్క్రగ్స్‌ను సాగనంపినది కూడా ఆ బెంచీల మధ్యనుండే.