చక్రాలు చూడండి, తర్వాత గొట్టం చూడండి

మా గోపాలపట్నం నుంచి ఆర్కే బీచ్‌కెళ్తే 1971 యుద్ధ స్మారకం దగ్గర ఓ ట్యాంకుంది. ఫొటో తీసి ఏ రకమని అడుగుతుంటారు కుర్రాళ్లు. మూపురం, కొమ్ములు చూసి ఎద్దు జాతి చెప్పమా? ఇదీ అంతే. ఒక పక్క ఐదు చక్రాలుండి, ముందు రెండింటి మధ్య సందు ఎక్కువుంటే టీ-54 జాతి. వెనక చక్రాల మధ్య ఎక్కువుంటే టీ-62.

1971లో మన రష్యా టీ-55లు, పాకిస్తాన్ చైనా టైప్-59లు అన్నదమ్ముల్లా ఉండేవి. రెండూ టీ-54 నుంచి పుట్టినవే. పోల్చుకోలేకపోతే మనవాళ్లే మనవాళ్లని కాల్చేస్తారు. అందుకే మన ట్యాంకుల ఫిరంగి గొట్టం మధ్యలో ఉత్తుత్తి డబ్బా ఒకటి బిగించారు, మందలో మన గొర్రెకి రంగు పూసినట్టు. యుద్ధకాలం ఫొటో దొరికితే ఆ డబ్బా వెతకండి. అది కొందరి ప్రాణాలు కాచిన ఆనవాలు.